వాళ్ల పూత వేరు, మన పూత వేరు

మనకు పూత అంటే పువ్వు. కంది పూతకొచ్చిందంటే, మామిడికి పూత నిలిచిందంటే కాయ మీద ఆశ. దుకాణంలో పూత అంటే పైన పూసిన రంగు. మాట ఒక్కటే. మనది కాయకు దారి, వాళ్లది కళ్లకు గంత.

పూసిందంతా మోసమని మేం అనడం లేదు. యూరియాకు వేపనూనె పూసేది నత్రజని మెల్లగా అందడానికి. మందు పట్టించిన విత్తనానికి రంగు వేసేది అది తినే గింజ కాదని తెలియడానికి. కానీ అదే రంగు మొలకెత్తని పాత గింజకు పూసి మెరిసే ప్యాకెట్లో పోస్తే కంటితో పట్టగలమా? విత్తి, సాళ్లలో ఖాళీలు చూశాకే ఆ పూత ఊడుతుంది. అప్పటికి దున్నిన ఖర్చూ, కూలీ, అదనూ పోతాయి.

చట్టాలకూ పూత ఉంది. విత్తన చట్టం 1966 నాటిది. పేరు వింటే మనకు కాపలా అనిపిస్తుంది. లోపల రాసింది చూడండి: మొదటిసారి తప్పుకు 500 రూపాయల వరకు జరిమానా. రెండోసారి ఆరు నెలల వరకు జైలు, లేదా 1000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మునిగిన రైతుకు పరిహారం ఇప్పించే సెక్షన్ లేదు. 2020లో తెచ్చిన ఒప్పంద సేద్యం చట్టం పేరులో రైతుల ‘సాధికారత, రక్షణ’ అని ఉంది. లోపల మాత్రం రైతు సివిల్ కోర్టు గడప తొక్కకుండా తలుపు మూశారు. ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు ఏడాది కూర్చుంటే 2021 నవంబరులో రద్దు చేశారు.

దొరల కాలంలో వెట్టికీ ఆనవాయితీ అనే పూత పూశారు. 1944లో ఇదే భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగింది. సంఘం ఊళ్లలోకి పోయాకే ఆ పూత రాలింది.

రైతు కూడా వినియోగదారుడేనని, పరిహారం కోసం వినియోగదారుల ఫోరానికి పోవచ్చని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఫోరం రుజువు అడుగుతుంది. అందుకే బిల్లు లేకుండా గింజ కొనొద్దు. ప్యాకెట్, లాట్ నంబరు, పిడికెడు విత్తనం దాచండి. విత్తేముందు వంద గింజలు తడి గోనెపట్టాలో చుట్టి మొలక లెక్కపెట్టండి. వరిలో 80 మొలవాలన్నది ప్రమాణం.

ప్రభుత్వాన్ని మేం అడిగేది ఒక్కటే. మొలకెత్తని గింజకు అమ్మినవాడి నుంచి పంట నష్టం మొత్తం గడువులోగా ఇప్పించే చట్టం కావాలి. అది లేని ఏ కొత్త బిల్లయినా పాత గోడకు కొత్త సున్నమే.