విద్యార్థుల పరిశోధన ఎవరి కొరకు?

విశ్వవిద్యాలయములలో సామాజిక సేవ, కార్మిక సంక్షేమము, సమాజశాస్త్రము అభ్యసించే విద్యార్థులు తమ చదువులో భాగముగా ఒక అధ్యాపకుని పర్యవేక్షణ క్రింద స్వతంత్రముగా పరిశోధన జరిపి ఒక సిద్ధాంత వ్యాసము సమర్పించవలసి ఉంటుంది. ఈ పరిశోధనకు కావలసిన ముడిసరుకు కార్మిక వాడలలో, బస్తీలలో, మన సంసారములలోనే దొరుకుతున్నది. ఇంటింటికి తిరిగి ఆదాయమెంత, అప్పెంత, నీళ్ళు ఎక్కడివి, జబ్బేమిటి అని అడిగి వ్రాసుకొని వెళ్తారు. పట్టా విద్యార్థికి దక్కుతుంది. వ్యాసము కళాశాల బీరువాలోనికి చేరుతుంది. సమాధానములు చెప్పిన కార్మికునికి మాత్రము అందులో ఏమి వ్రాసినారో తెలియదు. ఇది ఏ ఒక్క కళాశాల మీదనో, ఏ ఒక్క విద్యార్థి మీదనో మేము చేస్తున్న ఫిర్యాదు కాదు. దీర్ఘకాలముగా అలవాటైపోయిన ఒక పద్ధతిని గూర్చి చేస్తున్న విమర్శ.

ఈ ప్రశ్న నేడు మరింత ముఖ్యమైనది. 2020 జాతీయ విద్యావిధానమును అనుసరించి యు.జి.సి. 2022 డిసెంబరులో ప్రకటించిన నియమావళి ప్రకారము, మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతము, ఆపైన మార్కులు వచ్చిన విద్యార్థులు నాలుగవ సంవత్సరములో అధ్యాపకుని పర్యవేక్షణలో పరిశోధన చేయవచ్చును. ఆ పరిశోధన వ్యాసమునకు 12 క్రెడిట్లు ఇస్తారు. అనగా ఇంతకాలము ఎం.ఏ. విద్యార్థులకే పరిమితమైన పని ఇకమీదట డిగ్రీ విద్యార్థులకు కూడ సంక్రమిస్తున్నది. బస్తీ తలుపు తట్టేవారి సంఖ్య పెరుగుతుంది. తట్టిన తలుపునకు తిరిగి జవాబు చెప్పే బాధ్యత కూడ పెరుగుతుందా అన్నదే మా ప్రశ్న.

లండన్‌లో తయారైన సంక్షేమము

ఈ విషయములో జంషెడ్‌పూరుకు ఉన్నంత అనుభవము దేశములో మరి ఏ పట్టణమునకూ లేదనవచ్చును. 1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ ఏర్పడినది. 1912లో తొలి ఉక్కు వెలువడినది. మొదటి ప్రపంచ యుద్ధకాలములో, కంపెనీ కోరిక మీద, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు చెందిన సిడ్నీ వెబ్, హాబ్‌హౌస్, అర్విక్ వంటి పండితులు ఇక్కడి కార్మికుల సంక్షేమమును గూర్చి ఒక పథకమును రూపొందించినారు. 1917లో కంపెనీలో సంక్షేమ శాఖ వెలసినది. వారి పాండిత్యమును మేము శంకించము. కాని 1920 ఫిబ్రవరిలో కార్మికులు పని నిలిపివేసినప్పుడు ముందుకు వచ్చిన మొదటి మాట జీతము. ధరలు మండిపోతుంటే కూలి పెరగలేదన్నది వారి బాధ. ఆ సమ్మెలో కాల్పులు జరిగి కార్మికులు ప్రాణములు కోల్పోయినారు. జంషెడ్‌పూరు లేబర్ అసోసియేషన్ ఆ సమ్మెలోనే పుట్టినది. సంక్షేమము కార్మికునికి ఏమి కావలెనో ముందే నిర్ణయించినది. సంఘము కార్మికునినే అడిగినది. పరిశోధనకు ఇంతకంటె గొప్ప పాఠము వేరొకటి లేదు.

దీనికి ఎదురుగా మరొక ఉదాహరణ ఉన్నది. అదే లండన్ సంస్థలో పేదరికమును అధ్యయనము చేయుటకు టాటా కుటుంబమునకే చెందిన సర్ రతన్ టాటా ధనముతో ఒక పరిశోధన నిధి ఏర్పడినది. దానికి తొలి డైరెక్టరు ఆర్.హెచ్. టానీ. ఇంగ్లండులోని క్రాడ్లీ హీత్‌లో ఇంటివద్ద కొలిమి పెట్టుకొని ఇనుప గొలుసులు చేసే స్త్రీలు, 1909 నాటి చట్టము క్రింద ఖరారైన కనీస వేతనము కొరకు 1910లో పోరాడి గెలిచినారు. కనీస వేతనము ఇస్తే పరిశ్రమ మూతపడుతుందని యజమానులు బెదిరించే రోజులవి. టానీ ఆ గొలుసు పరిశ్రమనే పరిశీలించి, వేతనము పెరిగినా పరిశ్రమ కూలిపోలేదని 1914లో గ్రంథరూపమున చూపినాడు. డబ్బు పెట్టుబడిదారునిదే అయినా ప్రశ్న కార్మికులది. అందుచేతనే ఆ పరిశోధన పోరాటమునకు అక్కరకు వచ్చినది.

మన దేశములో సామాజిక సేవా విద్యకు పునాది వేసిన బొంబాయి సంస్థ, నేటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, 1936లో ప్రారంభమైనది. తరగతి గదితో పాటు పేటలలో పనిచేయుట కూడ చదువేనన్నది ఈ విద్య నేర్పిన సూత్రము. జంషెడ్‌పూరులో 1949లో ఫాదర్ క్విన్ ఎన్‌రైట్ స్థాపించిన విద్యాలయమునకు పెట్టిన పేరే జేవియర్ లేబర్ రిలేషన్స్ ఇన్‌స్టిట్యూట్. నేడు అది మేనేజ్‌మెంట్ విద్యాలయముగా ప్రపంచమునకు తెలుసు. పేరులో 'లేబర్' అన్న మాట ఎందుకు పెట్టినారో నేటి విద్యార్థులు ఒకసారి ఆలోచించవలెనని మా కోరిక. రాంచీలో 1955లో సామాజిక సేవా విద్యాలయమును నెలకొల్పిన ఫాదర్ మైకేల్ విండీ, 1969 తుపాను తరువాత మన ఆంధ్రదేశమునకు వచ్చి గ్రామ పునర్నిర్మాణమునకు పూనుకున్నాడు. తెలిసినదానిని చేతలోనికి తెచ్చిన ఉపాధ్యాయులు లేకపోలేదు.

చూడవలసినది ఎక్కడ ఉన్నది?

నేటి జంషెడ్‌పూరులో సమాజ సేవలను అధ్యయనము చేయదలచిన విద్యార్థికి పని కరవు లేదు. ఈ పట్టణములో నీరు, విద్యుత్తు, పారిశుధ్యము చాలమట్టుకు కంపెనీ వ్యవస్థ చేతిలోనే నడుస్తూ వచ్చినవి. రాజ్యాంగములోని 243-క్యూ అధికరణము పారిశ్రామిక పట్టణములను ఎన్నికైన మునిసిపాలిటీ నుండి మినహాయించుటకు అవకాశమిస్తున్నది. అటువంటి చోట కుళాయి రాకపోతే పౌరుడు ఎవరిని నిలదీయవలెను? కంపెనీ క్వార్టరులో ఉన్నవానికి అందే సేవ, 86 బస్తీలలో ఇంటిస్థలము మీద హక్కు కొరకు దశాబ్దములుగా ఎదురుచూస్తున్నవానికి ఎంతవరకు అందుతున్నది? ఒకే కొలిమి ముందు నిలిచే పర్మనెంటు కార్మికునికి, కాంట్రాక్టు కార్మికునికి ఆసుపత్రి వద్ద గల తేడా ఎంత?

శ్రీకాకుళము, విశాఖపట్నము ప్రాంతముల నుండి రైలుమార్గము పట్టి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబములలో మూడు నాలుగు తరములు గడిచినవి. తాత పర్మనెంటు, తండ్రి పర్మనెంటు, మనుమడు కాంట్రాక్టరు క్రింద కూలి! ఈ మార్పు ఎట్లా వచ్చినది, ఆ ఇంటి ఆడవారి మీద, పిల్లల చదువుల మీద పడిన భారమేమిటి? హిందీలో అచ్చువేసిన ప్రశ్నావళికి ముసలితల్లి ముక్తసరిగా అవుననో కాదనో చెప్పి ఊరుకుంటుంది. తెలుగులో అడిగితే జీవితమంతా చెబుతుంది.

ఇక ఇదే తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలో, ముసాబనీ వైపు, తెల్లరాతిని పొడిచేసే పనిలో కార్మికులు సిలికోసిస్‌కు బలియైనారు. ఆ రాతిధూళి ఊపిరితిత్తులలో పేరుకొనిపోతుంది. దానికి మందు లేదు. దగ్గు, ఆయాసము చూసి క్షయ అని మందులిచ్చి పంపడము తరచుగా జరిగే పొరపాటు. సిలికోసిస్ చట్టరీత్యా ప్రభుత్వమునకు తెలియజేయవలసిన వృత్తివ్యాధి. క్షయ అని వ్రాస్తే నష్టపరిహారము లేదు. సిలికోసిస్ అని తేలితే హక్కు పుడుతుంది. ఎవరు ఏ యూనిట్‌లో ఎన్ని సంవత్సరములు పనిచేసినారు, హాజరు చీటీ ఉన్నదా, ఎక్స్‌రే తీసినారా అని ఓపికగా నమోదు చేసిన విద్యార్థి ఒక్కడున్నా, ఒక వితంతువు దరఖాస్తుకు ఆధారము దొరుకుతుంది. అటువంటి వ్యాసమునకు విలువ 12 క్రెడిట్లతో తీరదు.

పర్యవేక్షణ అంటే ఏమిటి?

పర్యవేక్షణ అనగా పుటలు లెక్కపెట్టి సంతకము చేయుట కాదు. గేటు పాసు కొరకు యాజమాన్యము దయ మీద ఆధారపడిన విద్యార్థి, యాజమాన్యము చూపినదే చూస్తాడు. మేస్త్రీ ప్రక్కన నిలబడి ఉండగా కాంట్రాక్టు కార్మికుడు చెప్పే సమాధానము పరిశోధనకు పనికిరాదు. అంతకంటె ప్రమాదము మరొకటి ఉన్నది. పేరు, బస్తీ, కాంట్రాక్టరు వివరములతో వ్యాసము అచ్చయితే, నిజము చెప్పిన కార్మికుని పని మరునాడే ఊడవచ్చును. విద్యార్థి వయసు ఇరవై, ఇరవై రెండు. ఈ ప్రమాదము అతనికి తోచకపోవచ్చును. తోపించవలసినది పర్యవేక్షకుడే. ఒక్క అధ్యాపకుని మీద డజనుల కొలది విద్యార్థులను మోపి ఈ బాధ్యత నెరవేరవలెననుట అన్యాయము. అందుచేత విద్యార్థిని నిందించి ప్రయోజనము లేదు.

సంఘములు జోక్యము చేసుకుంటే పరిశోధన ప్రచారముగా మారిపోదా అని కొందరు మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ప్రశ్నను ఎన్నుకొనుటలో సంఘము మాట వినవలెనని మేము అంటున్నాము; జవాబును సంఘము వ్రాయవలెనని అనుట లేదు. కాంట్రాక్టు కార్మికులను గుర్తింపు సంఘములు పట్టించుకొనలేదని ఒక విద్యార్థి ఆధారములతో వ్రాస్తే, దానిని కూడ మన సభలో చదివి వినిపించవలెను. చేదుగా ఉన్నదని మందును పారబోయలేము గదా!

కావున విశ్వవిద్యాలయముల ముందు మేము ఉంచుతున్న కోరికలు ఇవి:

1. పరిశోధన అంశమును నిర్ణయించే ముందు ఆ ప్రాంతపు కార్మికులతో, బస్తీ స్త్రీలతో చర్చ జరగవలెను.

2. యాజమాన్యము ఎదుట కాక, కార్మికుని ఇంటివద్ద, అతని భాషలో, అతని సమ్మతితో ప్రశ్నలు అడగవలెను. సమ్మతించని హక్కు అతనికి ఉన్నదని ముందుగా చెప్పవలెను.

3. కార్మికుని గుర్తుపట్టగల వివరములు అచ్చులో రాకూడదు.

4. వ్యాసము సమర్పించిన పిమ్మట దాని సారాంశమును హిందీలో, తెలుగులో, సంతాలీలో, ఏ భాషలో సమాచారము సేకరించినారో ఆ భాషలో, అదే బస్తీలో చదివి వినిపించవలెను. ఆ తరువాతనే మార్కులు.

5. అధ్యాపకుడు పర్యవేక్షించే విద్యార్థుల సంఖ్యకు పరిమితి ఉండవలెను. క్షేత్రమునకు స్వయముగా వెళ్ళు కాలమును అతని పనిగంటలలో లెక్కించవలెను.

మన సంఘములకు కూడ కర్తవ్యములు ఉన్నవి. ప్రతి శాఖ తన పాత రికార్డులను, ఒప్పందములను, ప్రమాదముల వివరములను విద్యార్థులకు అందుబాటులో ఉంచవలెను. ఒక కార్యకర్తను ఈ పనికి నియమించవలెను. బరంపురములో పుట్టి, బెంగాల్-నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితపరచి, తరువాత రాష్ట్రపతియైన వి.వి. గిరి గారు కార్మిక సమస్యల మీద గ్రంథము కూడ వ్రాసినారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థ నేడు ఆయన పేరునే ధరించి ఉన్నది. ఉద్యమము, అధ్యయనము రెండును ఒకే మనిషి చేయగలిగినప్పుడు, ఒకే పట్టణములోని సంఘ కార్యాలయమునకు, కళాశాలకు మధ్య ఇంత దూరము ఉండుటకు కారణము లేదు.

కార్మికుడు పరిశోధనకు వ్యతిరేకి కాడు. తన బ్రతుకును ఎవరో వచ్చి చూసి వ్రాసుకొనిపోవుటకు అతడు ఇంతకాలము తలుపు తీసే ఉంచినాడు. వ్రాసినది తిరిగి తెచ్చి తన ముందు పెట్టవలెనని మాత్రమే అడుగుతున్నాడు. ఇది అధికమైన కోరిక కాదు. జంషెడ్‌పూరు సోదరులు, సోదరీమణులు ఈ విషయమును తమ తమ శాఖలలో చర్చించి, రానున్న విద్యాసంవత్సరమునకు ముందే స్థానిక కళాశాలల అధ్యాపకులను ఆహ్వానించి మాట్లాడవలెనని విజ్ఞప్తి చేస్తున్నాము.