వేటవిడిదిలో అతిథి

చంపకమాల యతిని గురించి రాస్తానని పోయినసారి మాట ఇచ్చి ఉన్నాను. అది ఇంకొకనాడు. ఈలోగా ఒక విషయం అరికాలిలో ముల్లులా గుచ్చుకొని ఉన్నది. దాన్ని తీసివేస్తే గాని నడక సాగేట్టు లేదు.

పోయిన నెలలో నా పూర్వవిద్యార్థి ఒకడు ఇంటికి వచ్చాడు. తొమ్మిదో తరగతిలో గురువు, లఘువు అంటే బల్ల కింద దాక్కొన్నవాడు. ఇప్పుడు మంచి వ్యాపారంలో ఉన్నాడు. "సార్, ఆదివారం సాయంత్రం మీరు మా క్లబ్బుకు రావాలె. మా బ్యాచ్ నలుగురం ఉంటం" అన్నాడు. పిల్లలు పిలిస్తే వెళ్ళకుండా ఉండగలమా? ఎప్పటి పంచె, లాల్చీ, కండువా, తోలుచెప్పులతోనే బయలుదేరాను. ముప్ఫై యేళ్ళకు పైగా ఈ వేషంతోనే పాఠం చెప్పాను. నాకు ఇంకొక వేషం లేదు.

క్లబ్బు పేరు చెప్పను. చెప్పి ప్రయోజనం లేదు, ఆ నియమం ఒక్క చోటిది కాదు. ముందు హాలులో బల్ల వెనుక కూర్చున్న అబ్బాయి నా పాదాల వంక చూసి, లేచి నిలబడి, ఎంతో మర్యాదగా "సార్, మా చేతిల ఏం లేదు. ఏడు దాటినంక బూట్లు ఉండాలె, ప్యాంటు ఉండాలె. కావాలంటే లోపల ఒక జత ఉన్నయి, ఇప్పిస్త" అన్నాడు. గోడమీద పలకలో జాతీయ దుస్తులకు అనుమతి ఉన్నట్లే రాసి ఉంది. జాతీయ దుస్తులంటే మెడదాకా బొత్తాలు పెట్టిన కోటూ, మూసిన బూట్లూ అని ఆ అబ్బాయే వివరించాడు. నా పంచె ఏ జాతికి చెందినదో అడగాలనిపించింది గాని, జీతం కోసం నిలబడ్డవాణ్ణి అడగవలసిన ప్రశ్న కాదది.

మా శిష్యుడు ఎవరెవరికో ఫోన్లు చేశాడు. ముఖం ఎర్రబడింది. నేను చేయి పట్టుకొని "పద నాయనా, ఆకలి అవుతున్నది" అన్నాను. అబిడ్స్ తాజ్‌మహల్ హోటల్లో ఇడ్లీ తిన్నాం. తక్కిన ముగ్గురూ అక్కడికే వచ్చారు. కథ అంతే. కోపం తెచ్చుకోవలసినంత పెద్దది కాదు. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నేనుండేది గన్‌ఫౌండ్రీలో. పాతకాలపువారు తోప్ కా సాంచా అంటారు. 1786లో నిజాం అలీఖాన్ కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్ ఇక్కడ ఫిరంగులు పోతపోయించాడు. (లండనులో ఎం.సి.సి. అనే క్రికెట్ క్లబ్బు పుట్టింది ఆ మరుసటి ఏడే, 1787లో. ఆడవారిని సభ్యులుగా చేర్చుకోవడానికి ఆ క్లబ్బుకు 1998 దాకా పట్టింది. ఫిరంగికన్నా నియమం గట్టిది!) మా ఇంటి నుంచి నడిచిపోయే దూరంలోనే 1884 నాటి నిజాం క్లబ్బు ఉంది. హుసేన్‌సాగరు దాటి వెళ్తే 1878లో పుట్టిన సికింద్రాబాదు క్లబ్బు. ఈ రెండవదాని కథ మన ప్రస్తుతానికి దగ్గరిది. మొదటి సాలార్‌జంగ్ తన వేటవిడిదిని ఇవ్వగా ఆ క్లబ్బు అందులో స్థిరపడిందని చెబుతారు. దొరతనపు కాలంలో దాని అధ్యక్షపీఠం మీద కూర్చున్నది దాదాపుగా తెల్ల అధికారులే. 2022 జనవరి 16 తెల్లవారుజామున, సంక్రాంతి మరునాడు, ఆ పాత ప్రధాన భవనం అగ్నికి ఆహుతైంది. వార్త చదివినప్పుడు నాకు నిజంగానే బాధ కలిగింది. రాళ్ళకు, దూలాలకు ఏ నియమమూ తెలియదు కదా.

వేటవిడిది క్లబ్బు కావడంలో ఆశ్చర్యం లేదు. రెండింటి స్వభావం ఒకటే అని నా అనుమానం. వేటాడడం అడవిలో ఎవరైనా చేయగల పని. కాని ఏలినవారి షికార్‌గాహ్‌లో వేటాడాలంటే ఏలినవారి అనుమతి కావాలి. అక్కడ చుట్టుపక్కల పల్లెవాడు ఒక జింకను కొడితే నేరం, దొరగారి అతిథి కొడితే వినోదం. 1893లో ఆస్ట్రియా రాజవంశీయుడు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హైదరాబాదుకు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ అతిథిగా వచ్చి ఇక్కడ వేటాడి వెళ్ళాడు. 1914లో అతన్ని వేటాడినవారి వల్ల ప్రపంచమే తగలబడింది, అది వేరే కథ. నిజాములు కృష్ణజింకలను వేటాడిన చోటు ఇప్పుడు వనస్థలిపురం పక్కన మహావీర హరిణ వనస్థలి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, 1975లో మహావీరుని నిర్వాణానికి 2500 ఏళ్ళు నిండిన సందర్భంగా ఆ వనానికి ఈ పేరు పెట్టారు. ఇప్పుడక్కడ సభ్యత్వం జింకలది, మనం రుసుము చెల్లించి వెళ్ళే అతిథులం. ఇంతవరకు ఒక్క జింక కూడా నా చెప్పుల మాట ఎత్తలేదు.

శాస్త్రం సప్తవ్యసనాలలో వేటను, జూదాన్ని, పానాన్ని ఒకే వరుసలో చెప్పింది. క్లబ్బువారు మొదటిదాన్ని చట్టానికి భయపడి వదిలి, తక్కినవాటిని పేకముక్కల రూపంలోనూ గ్లాసుల రూపంలోనూ కాపాడుకొంటున్నారు. నాకు వాటితో పేచీ లేదు. పెద్దవాళ్ళు, వాళ్ళ డబ్బు, వాళ్ళ ఆరోగ్యం.

సభ్యత్వ నియమాలతో కూడా నాకు పేచీ లేదు. ఈ మాట చాలామందికి నచ్చకపోవచ్చు. ఒకరు ప్రతిపాదించాలి, ఒకరు బలపరచాలి, ఏళ్ళ తరబడి వరుసలో ఉండాలి, చివరకు ఎవరో రహస్యంగా వేసే నల్లగోలీకి బలి కావాలి. వినడానికి వింతగానే ఉంటుంది. కాని నలుగురు కలిసి కూర్చోవాలనుకొన్నప్పుడు ఆ నలుగురూ ఎవరో వాళ్ళే తేల్చుకోవడం న్యాయమే. మన సాహిత్యాభిమానులు గుర్తుంచుకోవలసిన తీర్పు ఒకటి ఉన్నది. హిందీ సాహిత్య సమ్మేళనంలోకి 1962లో పార్లమెంటు చట్టం చేసి కొత్త సభ్యులను చొప్పించింది. 1971లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. సంఘం పెట్టుకొనే హక్కు అంటే తాము కోరుకొన్నవారితో కొనసాగే హక్కు కూడా అన్నది. నేను ఆ తీర్పు పక్షమే. రేపు మన పద్యకవుల గోష్ఠిలోకి పద్యమంటే గిట్టనివారిని సర్కారు సభ్యులుగా పంపితే మనం ఊరుకొంటామా?

నా పేచీ అంతా అతిథి దగ్గర.

అతిథి మాటకు మన పెద్దలు చెప్పే అర్థం మీకు తెలుసు. తిథి చూసుకోకుండా వచ్చేవాడు. పిలిస్తే వచ్చేవాడు అభ్యాగతుడు. క్లబ్బులో ఆ రెండూ చెల్లవు. అక్కడి అతిథికి తిథి, వేళ, సంతకం, రుసుము అన్నీ కావాలి. నెలకు ఇన్నిసార్లే రావాలి. అతని బిల్లుకూ ప్రవర్తనకూ పిలిచిన సభ్యుడు జవాబుదారి. అదీ మంచిదే. కాని జవాబుదారి ఒకడు ఉన్నాడు గదా? ఇతడు నా గురువు, ఇతని మర్యాదకు నేను పూచీ అని ఒక సభ్యుడు సంతకం చేసిన తరువాత, అతని పాదాలను చూసి ఆపడం అతిథికి కాదు, ఆ సభ్యుని మాటకే అవమానం. అంటే తమ సభ్యుని మాటను ఆ సభే నమ్మడం లేదు. పాణిని లెక్కలో సభయందు సాధువైనవాడు సభ్యుడు. సభ్యత, సభ్యత్వం ఒకే తొడిమకు పూచినవి. ఒకటి లేకుండా రెండోది ఎట్లా ఉంటుందో నాకు బోధపడదు.

"దుస్తుల నియమం మన సంప్రదాయంలో లేదా పండితులుగారూ?" అని మీలో ఒకరైనా అడుగుతారు. ఉన్నది. శాకుంతలం మొదటి అంకమే తీసుకోండి. దుష్యంతుడు జింకను తరుముకొంటూ వస్తాడు. అది ఆశ్రమమృగం, కొట్టవద్దని వైఖానసుడు అడ్డుపడతాడు. రాజు బాణం ఉపసంహరిస్తాడు. ఆ తరువాత తపోవనంలోకి వినీతవేషంతో వెళ్ళాలని తనంత తానే అనుకొని, ఆభరణాలు, విల్లు సారథి చేతికి ఇచ్చి లోపలికి నడుస్తాడు. ముప్ఫైసార్లు పాఠం చెప్పిన ఘట్టం ఇది, ఈ సంగతి మాత్రం ఇప్పుడే తట్టింది. తపోవనపు నియమం ఉన్నవాణ్ణి తీసి రమ్మన్నది. క్లబ్బు నియమం లేనివాణ్ణి తొడుక్కొని రమ్మంటున్నది. మొదటిది గొప్పవాణ్ణి ఒక మెట్టు దించుతుంది, రెండోది చిన్నవాణ్ణి మెట్ల దగ్గరే ఆపుతుంది. రెండింటికీ మనం డ్రెస్ కోడ్ అని ఒకే పేరు పెట్టుకొన్నాం.

నాకు జరిగింది ఏపాటిది! 1988లో ముంబయి విల్లింగ్‌డన్ క్లబ్బులో ఎం.ఎఫ్. హుసేన్‌ను చెప్పుల్లేవని బయటికి పంపారు. నాకు చెప్పులైనా ఉన్నాయి. 2014లో చెన్నై చేపాక్‌లోని క్రికెట్ సంఘం క్లబ్బువారు పంచెకట్టుతో వచ్చిన హైకోర్టు న్యాయమూర్తి హరిపరంధామన్‌ను ఆపివేశారు. అదే ఏడు తమిళనాడు శాసనసభ చట్టం చేసింది. పంచె కట్టుకొన్నవాణ్ణి ఆపితే లైసెన్సు రద్దు, ఏడాది వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. 2017లో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో ఖాసీ స్త్రీ ఒకామె తన జాతి దుస్తులైన జైన్‌సెమ్ ధరించి అతిథిగా భోజనానికి కూర్చుంటే, పనిమనిషిలా ఉన్నావని లేపివేశారు. ఈ చివరిది చదివినప్పుడు నాకు బోధపడింది, బట్ట అనేది సాకు మాత్రమేనని. ఆ బట్ట ఎవరిని గుర్తుకు తెస్తుందో వారే వారికి వద్దు. పంచె చూస్తే పల్లె గుర్తుకు వస్తుంది. చెప్పులు చూస్తే బయట కారు దగ్గర నిలబడ్డ డ్రైవరు గుర్తుకు వస్తాడు.

భాష కూడా ఒక దుస్తే. 1921 నవంబరులో ఇదే హైదరాబాదులో, వివేకవర్ధిని థియేటరులో, మహర్షి కర్వే అధ్యక్షతన సంఘసంస్కార సభ జరిగింది. న్యాయవాది ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగులో మాట్లాడబోతే గేలిచేసి కూర్చోబెట్టారు. సంస్కార సభలో! ఆ రాత్రి మనవాళ్ళు తలుపులు బద్దలు కొట్టలేదు, కూర్చొని ఆంధ్ర జనసంఘాన్ని స్థాపించుకొన్నారు. అది పెరిగి 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ఆంధ్రమహాసభ అయింది. అంతకు ఇరవై యేళ్ళ ముందే, 1901లో, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసి ఉన్నది. పండిత శిక్షణ నాటి మధ్యాహ్నాలు ఎన్నో నేనక్కడ గడిపాను. చొక్కా చేతి దగ్గర చిరిగి ఉండేది. పుస్తకం అడిగితే పుస్తకం ఇచ్చారు.

తమిళనాడు వంటి చట్టం మనకూ కావాలని నేను అడగను. పోలీసును వెంటబెట్టుకొని విందుకు వెళ్ళడంలో రుచి ఉండదు. ఆ సభ్యులే కూర్చొని ఆ వాక్యాన్ని కొట్టివేసుకోవాలి. శుభ్రంగా ఉన్న ఏ ప్రాంతపు వేషమైనా సరే అని ఒక్క మాట రాసుకొంటే చాలు.

ఇంతదాకా రాసి నిన్న ఆపివేశాను. నిద్ర పట్టకపోవడానికి అసలు కారణం రాయలేదని నాకు తెలుసు.

ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో ఉదయం గేటు దగ్గర నిలబడే పని నాది. బూట్లు లేనివాళ్ళను పక్కకు నిలబెట్టాలి, మూడోసారి అయితే ఇంటికి పంపాలి. ఒక పిల్లవాడు వరసగా మూడు రోజులు రబ్బరు చెప్పులతో వచ్చాడు. "సార్, రేపు కొంటరు" అన్నాడు. నియమం చూపించి పంపాను. మర్యాదగానే పంపాను, ఆ బల్ల దగ్గరి అబ్బాయిలాగే. మరునాడు రాలేదు. ఆ వారమంతా రాలేదు. ఆ తరువాత హాజరుపట్టీలో ఆ పేరు మీద ఎర్రగీత పడింది, దాన్ని గీసింది నేనే. ఇప్పుడు ఎంత ప్రయత్నించినా ఆ పేరు గుర్తు రావడం లేదు. వేలకొద్దీ పద్యాలు నోటికి ఉన్నవాణ్ణి. యూనిఫారం పేదాగొప్పా తేడా కనబడకుండా చేయడానికి పెట్టినది కదా అని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకొంటూ వచ్చాను. అది నిజమే. నేను ఆ పిల్లవాణ్ణి పంపింది కూడా నిజమే.

మా శిష్యుడు నిన్న ఫోన్ చేశాడు. వచ్చే సర్వసభ్య సమావేశంలో నియమం మార్చమని తీర్మానం పెడతాడట. "సార్, మీరు తెలుగుల రాసియ్యండి, నేను ఇంగ్లీషు చేయించుకుంట" అన్నాడు. నాలుగు వాక్యాలు రాసి పంపాను. బలపరచడానికి ఇంకొక సభ్యుడి సంతకం కావాలట. ఆనాడు ఇడ్లీ తిన్న ముగ్గురిలో ఒకడు ఆ క్లబ్బు సభ్యుడే. అడిగితే, ఆలోచించి చెబుతానన్నాడట.