పెద్దల చెవి, పెద్దల మతి

మన ఇండ్లలో తరచుగా వినవచ్చే మాట ఒకటుంది: "దాదాజాన్‌కు మతి తప్పుతోంది. ఒకటి అడిగితే మరొకటి చెబుతారు." సలాం చేస్తే బదులు పలకలేదని మనుమడు నొచ్చుకుంటాడు. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ఉదయమే చెప్పాను, అంతలోనే మరచిపోయారని కోడలు వాపోతుంది. అందరూ కూర్చొని మాట్లాడుకునే వేళ ఆయన మౌనంగా తస్బీహ్ తిప్పుకుంటూ ఉంటే, వయసు మీద పడింది కదా అని సరిపెట్టుకుంటాము. ఇది నిజంగా మతిమరుపేనా, లేక ఆ మాట ఆయన చెవిన సరిగా పడనే లేదా అని విచారించేవారు తక్కువ. ఈ నెల ఆ ప్రశ్ననే పాఠకుల ముందుంచదలచాము.

వయసుతో వచ్చే వినికిడి లోపం ఒక్కనాడు వచ్చిపడేది కాదు. లోపలి చెవిలో నత్తగుల్లను పోలిన భాగం ఒకటుంది. అందులోని వేలాది సన్నని రోమకణాలు శబ్దాన్ని నాడీ సంకేతాలుగా మార్చి మెదడుకు అందిస్తాయి. ఒకసారి నశిస్తే అవి మనిషిలో మళ్లీ పుట్టవు. సాధారణంగా ముందు దెబ్బతినేవి సన్నని, కీచు శబ్దాలను గ్రహించే కణాలే. అందుచేత పిల్లల గొంతులు, స్త్రీల గొంతులు, 'స', 'ష', 'ఫ' వంటి హల్లులు మొదట జారిపోతాయి. అచ్చులు మాత్రం వినిపిస్తూనే ఉంటాయి. "మాట వినబడుతోంది గాని అర్థం కావడం లేదు" అని పెద్దలు చెప్పడానికి కారణమిదే. ఫ్యాను తిరుగుతూ, టీవీ మోగుతూ, నలుగురు ఒకేసారి మాట్లాడే గదిలో ఈ ఇబ్బంది మరింత పెరుగుతుంది. లౌడ్‌స్పీకరు ప్రతిధ్వనించే మస్జిదులో ఖుత్బా కూడా వారికి పూర్తిగా అందదు.

ఇక్కడితో ఆగితే ఇది చెవికి సంబంధించిన విషయమే. కాని ఆలోచన, జ్ఞాపకశక్తి, రోజువారీ పనులు చేసుకునే సామర్థ్యం క్రమంగా క్షీణించే డిమెన్షియాతో దీనికి సంబంధం ఉందని పరిశోధనలు చెబుతున్నాయి. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన వైద్యుడు ఫ్రాంక్ లిన్, ఆయన సహచరులు 2011లో ఒక అధ్యయనాన్ని ప్రచురించారు. అందులో 639 మందిని దాదాపు 12 ఏళ్లపాటు పరిశీలించారు. వినికిడి బాగా ఉన్నవారితో పోల్చితే, స్వల్ప లోపం ఉన్నవారికి డిమెన్షియా ముప్పు సుమారు 2 రెట్లు, మధ్యస్థ లోపం ఉన్నవారికి 3 రెట్లు, తీవ్ర లోపం ఉన్నవారికి 5 రెట్లు ఉన్నట్లు తేలింది. లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో డిమెన్షియాకు దారితీసే, మనం సవరించుకోగల 14 కారణాలను పేర్కొన్నది. అధిక రక్తపోటు, మధుమేహం, పొగతాగడం వంటి వాటితో పాటు వినికిడి లోపమూ ఆ జాబితాలో ఉన్నది.

ఈ సంబంధానికి నిపుణులు ప్రధానంగా మూడు వివరణలు ఇస్తారు. మొదటిది, సగం వినిపించిన మాటను పూరించుకోవడానికి మెదడు నిరంతరం శ్రమపడుతుంది. గుర్తుంచుకోవడానికి వినియోగపడవలసిన శక్తి వినడానికే ఖర్చవుతుంది. రెండవది, శబ్దం సరిగా అందకపోతే మెదడులో దానికి సంబంధించిన భాగాలు త్వరగా కుంచించుకుపోవచ్చు. మూడవది మన ఇంటి కళ్లెదుట జరిగేదే. మాటిమాటికీ "ఏమన్నావు?" అని అడగడానికి సిగ్గుపడి, పెద్దలు సంభాషణకు దూరమవుతారు. పెళ్లిళ్లకు, ఇఫ్తార్ విందులకు వెళ్లడం మానుకుంటారు. ఆ ఒంటరితనం మెదడుకు మేలు చేయదు.

అయితే చెవుడు వచ్చిన ప్రతివారికీ డిమెన్షియా వస్తుందని ఎవరూ భయపడనవసరం లేదు. శ్రవణయంత్రం పెట్టుకుంటే అది రానే రాదని చెప్పడమూ సరి కాదు. అమెరికాలో 70 నుండి 84 ఏళ్ల మధ్య వయసున్న 977 మందిపై జరిగిన అచీవ్ అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. మొత్తం మీద చూస్తే, మూడేళ్లలో శ్రవణయంత్రాలు ఇచ్చినవారికీ ఇవ్వనివారికీ మధ్య ఆలోచనాశక్తిలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కాని ముందే ముప్పు ఎక్కువగా ఉన్న వర్గంలో, యంత్రాలు వాడినవారి ఆలోచనాశక్తి క్షీణత 48 శాతం నెమ్మదించింది. డిమెన్షియా మాట ఎలా ఉన్నా, మనవారి మాట మళ్లీ వినగలగడం స్వయంగా ఒక గొప్ప మేలు.

కాబట్టి పెద్దలకు మతి తప్పిందని నిర్ణయించే ముందు చెవి పరీక్ష చేయించాలి. జ్ఞాపకశక్తి పరీక్షలు చాలావరకు నోటి ప్రశ్నలతోనే జరుగుతాయి. ప్రశ్న వినబడనివారు జవాబు తప్పడం సహజం. కొన్నిసార్లు చెవిలో పేరుకున్న గులిమిని వైద్యుడు తీసివేయగానే వినికిడి మెరుగుపడుతుంది. ఇంట్లో వేడి నూనె పోయడం, పిన్నులతో గెలకడం ప్రమాదకరం. ఒక చెవి హఠాత్తుగా వినబడకుండా పోతే ఆలస్యం చేయక ఆ రోజే వైద్యుని వద్దకు వెళ్లాలి.

యంత్రాన్ని పరీక్ష లేకుండా బజారులో కొనరాదు. ఎవరికి ఏ శబ్దాలు తగ్గాయో కొలిచి, దానికి తగినట్లు అమర్చాలి. మొదటి కొన్ని వారాలు పళ్లెం చప్పుడు కూడా కర్కశంగా తోస్తుంది. ఆ దశలోనే విసిగి డబ్బాలో పెట్టేసేవారు అనేకులు. ఇంటివారు ఓపికగా తోడుండాలి. వజూ చేసే ముందు యంత్రం తీసి పొడి డబ్బాలో ఉంచి, చెవులు బాగా ఆరిన తరువాత మళ్లీ పెట్టుకుంటే అది తడిసి పాడవదు. ఖర్చుకు వెనుకాడే పేద కుటుంబాలు, 2017లో ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ రాష్ట్రీయ వయోశ్రీ యోజన ద్వారా అర్హులైన వృద్ధులకు శ్రవణయంత్రాలు అందే ఏర్పాటు ఉందని తెలుసుకోవాలి.

చివరగా మన మాట తీరు. తల్లిదండ్రులు వార్ధక్యానికి చేరినప్పుడు వారి ముందు విసుగు ధ్వనించే చిన్న మాటైనా పలకరాదన్నది మనం బాల్యం నుండి నేర్చుకున్న ధర్మం. చెవి స్వభావం కూడా ఇదే కోరుతుంది. అరిస్తే మాట స్పష్టం కాదు, వికృతమవుతుంది. పైగా అది తిట్టులా తోస్తుంది. టీవీ ఆపి, ఎదుట కూర్చొని, ముఖం కనబడేలా, నిదానంగా పలకాలి. అర్థం కాకపోతే అదే మాటను హెచ్చు గొంతుతో కాక, వేరే మాటల్లో చెప్పాలి. "ఏమీ లేదులే, వదిలేయండి" అన్న మాటను మన ఇండ్లలో ఎవరూ పలకకుందుముగాక. ఆ ఒక్క మాటతోనే పెద్దలు మన సంభాషణ నుండి వెలి అవుతారు.