దగ్గరి రాస్తా మీద అంత భరోసా ఎందుకు?

మా బేటీ ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది ప్రాజెక్టు మీద ఇంట్లో రెండు రోజులుగా బహస్. టవర్ లేకుండా, పరికరాలే ఒకదాని నుంచి ఒకటి పైగామ్ అందుకుని ముందుకు పంపుకునే అడ్‌హాక్ వైర్‌లెస్ నెట్‌వర్క్ గురించి తన పని. "మధ్యలో మజిలీలు ఎంత తక్కువైతే రాస్తా అంత మంచిది అమ్మీ" అంటుంది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పిన దాన్ని, నేను ఒప్పుకోను.

నా చిన్నప్పుడు నాలుగు మిద్దెల అవతలున్న నానీకి ఏదైనా ఖబర్ చెప్పాలంటే గొంతు చించుకోవాలి. సగం మాటలు గాలికే పోయేవి, మళ్లీ అరవాలి. మధ్య మిద్దె మీద చాచీ ఉంటే ఒక్కసారికే చేరేది. మజిలీ ఒకటి ఎక్కువే, మెహనత్ మాత్రం తక్కువ.

రేడియోకీ అంతే. మజిలీలు తగ్గిస్తే ఒక్కో అంగ పొడవవుతుంది, సిగ్నల్ కమ్‌జోర్ అవుతుంది. 2003లో అమెరికాలోని ఎమ్‌ఐటీ పరిశోధకులు దీనికే ఈటీఎక్స్ అనే కొలత పెట్టారు: ఒక ప్యాకెట్ చేరడానికి సగటున ఎన్నిసార్లు పంపాలి? నేరుగా పంపితే ప్యాకెట్లు సగమే చేరి, అందిందన్న జవాబులూ సగమే తిరిగొస్తే 4 సార్లు. మధ్యలో ఒకరుండి, అన్ని వైపులా 90 శాతం చేరితే రెండు అంగలకూ కలిపి సుమారు 2.5. హిసాబ్ తేలిపోయింది కదా!

బేటీ ఊరుకుంటుందా? 2004లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు చేసిన పోలిక తీసింది. కదలని పరికరాల మధ్య ఈటీఎక్స్ గెలిచింది. పంపేవాళ్లు నడుస్తుంటే మాత్రం మజిలీల లెక్కే నెగ్గింది. ఈటీఎక్స్ పాత పరీక్ష ప్యాకెట్ల సగటు చూసుకునేలోపు మనిషి ఇంకోచోట ఉంటాడు. సచ్చీ మాటే, ఇక్కడ నేను తగ్గాను. పోనీ పరీక్ష ప్యాకెట్లు ఇంకా తొందరగా పంపుదామంటే, అవి కూడా అదే గాలిని తినేస్తాయి.

నాకు గుస్సా వచ్చేది వేరేచోట. పిల్లలు సిమ్యులేటర్‌లో పరికరం చుట్టూ ఒక గుండ్రని గీత గీసి, లోపలైతే అంతా చేరుతుంది, బయటైతే ఏదీ చేరదు అనుకుంటారు. అలాంటి లోకంలో పొట్టి రాస్తాకి నష్టమే రాదు. నిజంగా అయితే తలుపు వేసినా, లారీ అడ్డొచ్చినా సిగ్నల్ హాలత్ మారిపోతుంది. ఆ మార్పే లేని నతీజాకి మార్కులు వేయడం నాకు నచ్చదు.

జుమేరాత్‌కి వైవా. ఆ గుండ్రని గీత తీసేసి, నడిచేవాళ్లకీ నిలబడ్డవాళ్లకీ వేరువేరుగా, రెండు కొలతలతోనూ మళ్లీ నడుపుతోంది. రాత్రి ఒంటిగంటయింది, ల్యాప్‌టాప్ ఇంకా మోగుతూనే ఉంది.