యుద్ధం చేసింది దేశం.. కచేరీ పోయింది 20 ఏళ్ల కుర్రాడిది! రష్యా పియానిస్టుల కెరీర్ ఎందుకు చిక్కుల్లో పడింది?

2022 మార్చి. ఉక్రెయిన్‌లో మెడిసిన్ చదువుతున్న తెలుగు విద్యార్థులు ఢిల్లీ, ముంబై మీదుగా శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌కు చేరుకుంటున్న రోజులవి. ఆపరేషన్ గంగాలో కేంద్రం 22 వేల మందికి పైగా భారతీయుల్ని వెనక్కి తీసుకొచ్చింది. సరిగ్గా అదే సమయంలో కెనడాలో మరో కుర్రాడి కెరీర్‌కు బ్రేక్ పడింది. అతనిది ఉక్రెయిన్ కాదు, రష్యా. పేరు అలెగ్జాండర్ మలోఫీవ్. వయసు 20. చేసే పని పియానో వాయించడం.

ఆ ఘటన లేపిన ప్రశ్న ఇప్పటికీ తేలలేదు. దేశం చేసిన తప్పుకు కళాకారుడు జవాబు చెప్పాలా?

ఎవరీ మలోఫీవ్?

2001 అక్టోబర్‌లో మాస్కోలో పుట్టాడు. అక్కడి గ్నెసిన్ ప్రత్యేక సంగీత పాఠశాలలో చదివాడు. రష్యాలో ఇలాంటి స్కూళ్లకు పెద్ద చరిత్రే ఉంది. మామూలు చదువు, సంగీతం రెండూ ఒకే చోట నడుస్తాయి. పిల్లలు చిన్న వయసులోనే చేరి, రోజూ గంటల తరబడి సాధన చేస్తారు. పోటీలు వాళ్లకు పరీక్షల్లాంటివి.

2014లో పిల్లల కోసం పెట్టే చైకోవ్‌స్కీ పోటీలో మలోఫీవ్ ఫస్ట్ ప్రైజ్ కొట్టాడు. 2016లో మాస్కోలోనే జరిగిన గ్రాండ్ పియానో పోటీలో గ్రాండ్ ప్రీ గెలిచాడు. టీనేజ్ దాటకముందే యూరప్‌లోని పెద్ద పెద్ద వేదికలు ఎక్కాడు.

కెనడాలో ఏం జరిగింది?

2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్‌పై రష్యా దాడి మొదలైంది. ఆగస్టులో జరగాల్సిన మలోఫీవ్ కచేరీని వాంకూవర్‌లోని ఓ సంస్థ రద్దు చేసింది. రష్యా కళాకారుడు యుద్ధాన్ని బహిరంగంగా వ్యతిరేకించకపోతే వేదిక ఇవ్వలేమన్నది వాళ్ల మాట.

మార్చి 2న మలోఫీవ్ సోషల్ మీడియాలో స్పందించాడు. రష్యా నిర్ణయం భయంకరమైనదని, రక్తపాతంతో కూడినదని రాశాడు. దాన్ని తమలాంటివాళ్లు ఆపగలిగేవాళ్లు కాదని, అయినా రష్యన్లందరూ దశాబ్దాల పాటు అపరాధ భావంతో బతకాల్సి వస్తుందని చెప్పాడు. తన మాటల వల్ల రష్యాలో ఉన్న కుటుంబానికి ఇబ్బంది రావచ్చన్న భయాన్నీ దాచుకోలేదు.

అయినా లాభం లేకపోయింది. వారం తిరగకుండానే మాంట్రియల్ సింఫనీ ఆర్కెస్ట్రా కూడా అతని కచేరీల్ని పక్కన పెట్టింది. ఉక్రెయిన్ ప్రజలు బాంబుల కింద ఉన్న సమయంలో ఇది సరికాదని చెప్పింది. విచిత్రం ఏంటంటే, అక్కడ అతను వాయించాల్సింది ప్రొకోఫియెవ్ రచన. ఆ ప్రొకోఫియెవ్ పుట్టిన ఊరు సొంత్సివ్కా ఇప్పటి ఉక్రెయిన్‌లోని దొనెత్స్క్ ప్రాంతంలోనే ఉంది!

"ఒక్క మాట ఖండించొచ్చుగా?"

బయటి నుంచి చూస్తే చిన్న కోరికే అనిపిస్తుంది. లోపలి లెక్క వేరు. 2022 మార్చి 4న పుతిన్ సంతకం చేసిన చట్టం ప్రకారం సైన్యం గురించి 'తప్పుడు సమాచారం' చెప్పారని తేలితే 15 ఏళ్ల వరకు జైలు. ఏది తప్పుడు సమాచారమో తేల్చేది ప్రభుత్వమే.

ఆ భయం ఉత్తది కాదని పావెల్ కుష్నిర్ ఉదంతం చెబుతోంది. అతనూ పియానిస్టే. యుద్ధానికి వ్యతిరేకంగా యూట్యూబ్‌లో కొన్ని వీడియోలు పెట్టాడు. వాటిని చూసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. 2024లో అరెస్ట్ చేశారు. జైల్లో నిరాహార దీక్షకు దిగి, జులై చివర్లో బిరోబిజాన్‌లో కస్టడీలోనే చనిపోయాడు. వయసు 39. అదే జులైలో ప్రపంచ ప్రసిద్ధ పియానిస్ట్ ఎవ్‌గెనీ కిస్సిన్‌పై రష్యా 'విదేశీ ఏజెంట్' ముద్ర వేసింది. ఆయన విదేశాల్లో ఉన్నారు.

అంటే రష్యా కుర్ర కళాకారుడి పరిస్థితి ముందు నుయ్యి, వెనక గొయ్యి. నోరు విప్పకపోతే పశ్చిమ దేశాల్లో వేదిక పోతుంది. విప్పితే ఇంటి దారి మూసుకుపోతుంది.

ఉక్రెయిన్ వాదనలో బలం లేదా?

ఉంది. రష్యా తన సంగీతాన్ని దౌత్యానికి, ప్రచారానికి వాడుకుంటుందన్నది ఉక్రెయిన్ ఆరోపణ. 2016లో కండక్టర్ వలెరీ గెర్గియెవ్ సిరియాలోని పల్మీరా శిథిలాల మధ్య రష్యా తరఫున కచేరీ చేశారు. పుతిన్‌కు సన్నిహితుడిగా పేరున్న ఆయన, యుద్ధంపై మాట్లాడకపోవడంతో 2022 మార్చి 1న మ్యూనిక్ ఫిల్హార్మోనిక్ తొలగించింది.

మరోవైపు ఖేర్సన్‌లో యూరీ కెర్పతెంకో అనే ఉక్రెయిన్ కండక్టర్, ఆక్రమణదారులు పెట్టిన కచేరీలో పాల్గొనడానికి ఒప్పుకోనందుకు రష్యా సైనికులు కాల్చి చంపారని ఉక్రెయిన్ 2022 అక్టోబర్‌లో ప్రకటించింది. అలాంటి వార్తలు వింటున్న జనానికి రష్యా పేరు వినగానే మనసు ఎలా ఒప్పుకుంటుంది?

కానీ అధికారానికి అండగా నిలిచిన 68 ఏళ్ల గెర్గియెవ్‌నీ, ఓటు హక్కు వచ్చి రెండేళ్లయిన మలోఫీవ్‌నీ ఒకే గాటన కట్టడమే ఇక్కడ అసలు సమస్య. మొదటిది చేసిన పనికి శిక్ష. రెండోది పాస్‌పోర్ట్‌కు శిక్ష.

టెక్సస్ చూపిన దారి

1958లో కోల్డ్ వార్ పీక్‌లో ఉన్నప్పుడు మాస్కోలో తొలి చైకోవ్‌స్కీ పోటీ జరిగింది. గెలిచింది అమెరికా కుర్రాడు వాన్ క్లైబర్న్. వయసు 23. సోవియట్ జడ్జిలే అతనికి ప్రైజ్ ఇచ్చారు. 2022 ఏప్రిల్‌లో అదే చైకోవ్‌స్కీ పోటీని అంతర్జాతీయ సంగీత పోటీల సమాఖ్య సభ్యత్వం నుంచి తీసేసింది. ఆ పోటీకి డబ్బు, ప్రచారం ఇచ్చేది రష్యా ప్రభుత్వమేనన్నది కారణం.

అయితే క్లైబర్న్ పేరుతో టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో జరిగే పోటీ మాత్రం 2022 జూన్‌లో రష్యన్లకు తలుపు తీసింది. ఫలితం? గోల్డ్ దక్షిణ కొరియాకు చెందిన 18 ఏళ్ల యున్‌చాన్ లిమ్‌కు, సిల్వర్ రష్యాకు చెందిన అన్నా గెనియుషెనెకు, బ్రాంజ్ ఉక్రెయిన్‌కు చెందిన ద్మిత్రో చోనికి. ముగ్గురూ ఒకే స్టేజీ మీద. సంస్థను దూరం పెట్టొచ్చు, మనిషిని పెట్టనక్కర్లేదు అని ఆ స్టేజీ చెప్పింది.

మనకేంటి సంబంధం?

ఈ గొడవ మనకు కొత్తేం కాదు. 2015 అక్టోబర్‌లో పాకిస్థాన్ గజల్ గాయకుడు గులాం అలీ ముంబై కచేరీ శివసేన హెచ్చరికలతో రద్దైంది. కొన్ని నెలలకే, 2016 జనవరిలో ఆయన కోల్‌కతాలో పాడారు. దేశం ఒకటే, గాయకుడు ఒకరే, నిర్ణయాలు రెండు.

తెలుగు నేల నుంచి వెళ్లిన బాల మేధావి మాండలిన్ శ్రీనివాస్‌నే తీసుకోండి. 1969లో పాలకొల్లులో పుట్టి, పరాయి వాద్యంతో కర్ణాటక సంగీతం పలికించారు. మొదట్లో ఆయనకు ఎదురైన ప్రశ్న ఒక్కటే. ఆ వాద్యం మీద రాగం పలుకుతుందా? వాయించి చూపించారు, ప్రశ్న పోయింది. మలోఫీవ్‌కు ఎదురైన ప్రశ్నకు వాయించి జవాబు చెప్పే వీల్లేదు.

బడంగ్‌పేట్, బాలాపూర్ వైపు కాలనీల్లోనూ పిల్లల్ని కీబోర్డ్ క్లాసులకు పంపే తల్లిదండ్రులు ఉన్నారు. సాధన, గురువు, పోటీలు.. ఇవన్నీ వాళ్ల చేతిలో ఉన్నవే. పిల్లాడు స్టేజీ ఎక్కే రోజుకి ప్రపంచం ఎలా ఉంటుందన్నది ఎవరి చేతిలోనూ లేదు.

ఆ తర్వాత?

మలోఫీవ్ కెరీర్ ఆగిపోలేదు. మాంట్రియల్‌లో కండక్ట్ చేయాల్సిన మైకేల్ టిల్సన్ థామస్‌తోనే ఆ ఏడాది వేసవిలో అమెరికాలోని టాంగిల్‌వుడ్ ఉత్సవంలో వాయించాడు. బెర్లిన్‌కు మకాం మార్చాడు. పేరున్నవాడు కాబట్టి నిలదొక్కుకున్నాడు. పేరు లేని కుష్నిర్ లాంటివాళ్లకు ఆ అవకాశం దొరకలేదు. రష్యన్లను పిలవాలా వద్దా అని మీటింగ్ పెట్టుకునే ప్రతి ఆర్కెస్ట్రా ముందుగా గుర్తుచేసుకోవాల్సిన తేడా ఇదే.