మయసభయు వెలుపలి తలుపును



గుడివాడ ప్రాంతమునుండి యొక తల్లి మాకు జాబు వ్రాసినారు. ఆమె కుమార్తె విజయవాడలో ఇంటీరియర్ డిజైను, అనగా భవనముల లోపలి భాగమును కల్పించు విద్య, చదువుచున్నది. ఈ యేడు కళాశాలలో ఆ బాలికకు నిచ్చిన ప్రాజెక్టు సర్రియలిస్టు పద్ధతిని ఒక నైటుక్లబ్బును కల్పించుట. “మా వంశమున నెవ్వరును పానశాల గడప త్రొక్కి యెఱుగరు. మా పిల్ల రాత్రింబవళ్లు దాని గోడలును దీపములును గీయుచు కూర్చున్నది. తలక్రిందుగా వ్రేలాడు కుర్చీలు, గోడకు మొలచిన చెవులు, నీటిలో మండు దీపములు! ఇది చదువా, చిత్తభ్రమయా?” అని ఆమె ప్రశ్న. ఇట్టి సందేహము మఱికొందఱు తల్లులకును కలుగదగినది గాన, ప్రత్యుత్తరమును ఈ పుటలలోనే వ్రాయుచున్నాము.

అమ్మా, మద్యమును గూర్చిన మీ భయమును మేము తేలికగా త్రోసివేయము. 1992 ప్రాంతమున నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణమును మూయించి, ఆ నిప్పురవ్వను రాష్ట్రమంతట నంటించిరి. అట్టి స్త్రీల నాడు మనది. ఐనను పానశాలను గీయుట వేఱు, పానము చేయుట వేఱు. చెఱసాలను కట్టించు శిల్పి దొంగ కాడు. రోగమును చదువు వైద్యుడు రోగి కాడు. నైటుక్లబ్బు ననేక కష్టము లొక్కచోట కూడియుండును. జనసమ్మర్దము, చీకటి, చెవులదరు సంగీతము, ఉక్క, మత్తులో నడచు మనుష్యులు, ఇన్నింటి నడుమ అందము చెడకుండ, ఎవ్వరికిని హాని కలుగకుండ ఒక శాలను కల్పింప నేర్చిన పిల్ల, రేపు ఆసుపత్రినైనను కల్యాణమంటపమునైనను కల్పింపగలదు. ఇట్టి యభ్యాసము వలని ప్రయోజన మిదియే.

ఇక ఆ వింత బొమ్మల సంగతి. సర్రియలిజమును తెలుగున అధివాస్తవికత యందురు. 1924లో ఆంద్రే బ్రెటన్ అను ఫ్రెంచి కవి పారిసులో దీని ప్రకటనమును వెలువరించెను. మెలకువలో మన బుద్ధి వస్తువులను వాని వాని స్థానములలో నమర్చును; కలలో నవి యథేచ్ఛగా కలిసికొనును; ఆ కలలోని సత్యమును మెలకువలోనికి తేవలెనని వారి పట్టుదల. సాల్వడోర్ డాలీ 1931లో గడియారములు వెన్నవలె కరగి జాఱుచున్నట్లు చిత్రించెను. 1936లో మెరెట్ ఓపెన్‌హైమ్ అను యువతి తేనీటి కప్పును, సాసరును, చెంచాను బొచ్చుతోలుతో కప్పి ప్రదర్శించెను. నిత్యము మన చేతులలో మెలగు పాత్రయే! దానిని చూచిన క్షణమున పెదవికి బొచ్చు తగిలినట్లు ఒడలు జలదరించును. వంటింటి వస్తువుతో లోకము నులికిపడజేసినది ఒక స్త్రీ యని మన పాఠకురాండ్రు గుర్తింతురు గాక. మన తెలుగునను శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబు గారలు ఈ మార్గమును కవితలో నడచి చూచినవారే.

మఱియు నిది మనకు బొత్తిగా పరాయి వస్తువును గాదు. సంక్రాంతికో దసరాకో మీరింట పెట్టు బొమ్మల కొలువును తలచుకొనుడు. శ్రీరాముని ప్రక్కన రైలింజను, దాని ప్రక్క గుడిగోపురము కంటె పెద్దదైన చిలుక, క్రింది మెట్టున రక్షకభటుడు, అద్దపుముక్కతో చేసిన చెఱువులో ప్లాస్టికు బాతు! అందఱు నొక్క పీటమీద కొలువుదీరిన ఆ లోకమును చూచి మనమెన్నడైన చిత్తభ్రమ యంటిమా? హారతి యిచ్చితిమి. 1957లో వెలువడిన ‘మాయాబజార్’ చిత్రమును చూడని యిల్లాలు మన జిల్లాలలో నుండదు. అందు చిన్నమయుడు మాయానగరమును నిర్మింపగా, కంబళి గింబళియై, తల్పము గిల్పమై, పెండ్లివారిని ఒక్కచోట నిమ్మళముగ కూర్చుండనీయవు. గృహోపకరణములకు ప్రాణము వచ్చి యజమానుల నాడించుట అధివాస్తవికత గాక మఱేమి? ఆ చిత్రమునకు కళాదర్శకులలో నొకరైన మాధవపెద్ది గోఖలే గారు మన గుంటూరు సీమవారే. కావున, అమ్మా, మీ పిల్ల గీయుచున్నది మన యింటి సొమ్మే యని ధైర్యముగ నుండుడు.

ఇంతవరకు తల్లికి చెప్పితిమి. ఇక చిరంజీవికి చెప్పవలసినది కలదు. అది యింతకంటె ముఖ్యము.

అమ్మాయీ, ఇట్టి శాలలకెల్ల మొదటిది భారతములోని మయసభ. ఖాండవదహనమున ప్రాణదానము పొందిన మయుడు పదునాలుగు మాసములు శ్రమించి దానిని ధర్మరాజునకు నిర్మించి యిచ్చెను. అందు దుర్యోధనుడు పడిన పాట్లు వరుసగా చూడుము. స్ఫటికపు నేలను నీరని తలచి వస్త్రములు పైకి దోపుకొనెను. నీటిని నేలయని తలచి యందులో పడెను. మూసిన స్ఫటికద్వారమును తెఱచినదని తలచి నుదురు మోదుకొనెను. కడపట, నిజముగ తెఱచియున్న ద్వారమును మూసినదని తలచి వెనుదిరిగెను. పడినపుడు చూచినవారు నవ్విరి. ఆ నవ్వు నుండి జూదము, జూదము నుండి వనవాసము, వనవాసము నుండి కురుక్షేత్రము పుట్టెనని చిన్ననాటినుండి వినుచున్నాము. మయుని విద్యలో లోపము లేదు. కాని ఆ శాలలో కంటికి చూపిన మాయ కాలిక్రిందికిని తలుపు లోనికిని వచ్చినది. అతిథి తన యడుగును నమ్మలేని యిల్లు ఎంత యందమైనను అతిథికి ఇల్లు గాదు.

దుర్యోధనుడు నీటిలో పడి లేచెను. నేటి మాయాశాలలలో పడినవారందఱు లేవలేదు. 1942 నవంబరు 28వ తేది రాత్రి అమెరికాలోని బోస్టను నగరమున కోకోనట్ గ్రోవ్ అను నైటుక్లబ్బు తగులబడెను. పేరునకు తగినట్లు దానిని కొబ్బరితోటగా నలంకరించిరి. కృత్రిమపు చెట్లు, వానిపై ఆకాశమును భ్రమింపజేయు వస్త్రపు కప్పు. నేలక్రింది గదిలో ఒక కృత్రిమ వృక్షమున పుట్టిన మంట నిమిషములలో కప్పంతయు ప్రాకెను. సుమారు 460 మందికి తగిన చోట వేయిమంది వఱకు నుండిరి. ముఖద్వారము గుండ్రముగ తిరుగు తలుపు; జనము త్రోసికొనగా నది బిగిసిపోయెను. తక్కిన తలుపులు కొన్ని తాళములు వేసినవి, కొన్ని లోపలికి తెఱచుకొనునవి, కొన్ని తెరలచాటున కానరానివి. 492 మంది మరణించిరి. ఆ పిమ్మటనే, తిరుగుడు తలుపున్నచోట దాని ప్రక్కన వెలుపలికి తెఱచుకొను మామూలు తలుపు లుండవలెనను నిబంధన అచట గట్టిపడెను.

అది పాతకాలపు మాట యనుకొందువేమో. 2013 జనవరి 27వ తేదిని బ్రెజిలు దేశమున సాంటా మారియా పట్టణములో కిస్ అను నైటుక్లబ్బునందు, వేదికపై వెలిగించిన బాణసంచా నిప్పురవ్వలు పైకప్పున శబ్దమును అణచుటకై అంటించిన నురుగుపలకల కంటుకొనెను. ఆ నురుగు మండినపుడు వచ్చు పొగ విషము. 242 మంది, మిక్కిలి విద్యార్థులే, అసువులు బాసిరి. వారిలో అనేకులు పొగలో స్నానాలయపు తలుపును వెలుపలి తలుపని తలచి అందు చొచ్చినవారు. మయసభలో తెఱచిన ద్వారమునుండి మరలిన రాజు కథ యిచట నెంత ఘోరమైనదో చూడుము. అంతదూర మేల? మన విజయవాడలోనే 2020 ఆగస్టు 9వ తేది తెల్లవాఱుజామున, కోవిడు రోగులుండిన యొక వసతిగృహమున నగ్ని పుట్టి పలువురు ప్రాణములు గోలుపోయిరి. పొగ నిండినపుడు ఏ భవనమైనను మయసభయే.

కావున నీ పటములపై ఒక గీత గీచుకొనుము. ఆ గీతకు పైన కలయు, క్రింద సత్యమును ఉండవలెను. నేల, మెట్లు, తలుపులు, దారులు సత్యమునకు చెందినవి. పైకప్పు, గోడల యెగువ భాగము, దీపములు కలకు చెందినవి.

కల భాగమున నీ యిష్టము. ఐతే పారిసు గడియారములను మరల కరగించుట యేల? మన డెల్టాను కలగనుము. పైకప్పును, కాలువ నీటి యడుగున పడుకొని పైకి చూచినట్లు చేయుము. తలపైన పడవల యడుగులు, తామరతూండ్లు, ఈదుచున్న గేదె డెక్కలు, కొల్లేటి గూడబాతుల పాదములు! తోలుబొమ్మలాటను గోడ కెత్తుము. రంగుటద్దముపై బొమ్మలు గీయించి వెనుకనుండి వెలుగు పంపినచో, రావణుని ఇరువది చేతులు ఒక గోడపై మొదలై మఱియొక గోడపై ముగియవచ్చును. కొండపల్లి అంబారీ యేనుగును ఆళ్లెత్తున నిలిపి, దాని కడుపును కూర్చుండు గదిగా చేయవచ్చును. కాని కొండపల్లివారు వాడు తెల్లపొణికి కఱ్ఱ తేలికయైనది, మంటకును తేలికగ చిక్కును. కాన రూపము మాత్రము వారిది గ్రహించి, దానిని రేకుతోనో మట్టితోనో చేయింపవలెను. తాటితోపు మీద మనసుపోయి, ప్లాస్టికు ఆకులతో చెట్లు నిలుపబోకుము, బోస్టనును తలచుకొనుము. పారిసు చిత్రకారులు 1938లో తమ ప్రదర్శనశాల పైకప్పునుండి 1200 బొగ్గుగోతములు వ్రేలాడదీసి, క్రింద కుంపటి పెట్టిరి. చీకటిలో చూచువారికి చేతిదీపము లిచ్చిరి. ఎంత స్వేచ్ఛాప్రియులైనను, ఆ కుంపటిలో వారు పెట్టినది నిప్పు గాదు, విద్యుద్దీపము!

సత్యభాగమున ఇష్టాయిష్టములు లేవు. నేలపై అద్దము పఱవరాదు. తడిసినను జాఱని రాయి వేయవలెను. ప్రతి మెట్టు అంచున వెలుగు గీత యుండవలెను. ఒకదానికొకటి దూరముగ రెండు ద్వారములైన నుండవలెను. అవి వెలుపలికే తెఱచుకొనవలెను. వాని ముందు తెరగాని, అద్దముగాని, ఏనుగుగాని నిలువరాదు. స్నానాలయపు తలుపు రంగును ఆకారమును వెలుపలి తలుపునకు పోలిక లేనివై యుండవలెను. కరెంటు పోయినను వెలుగు దారిదీపములు నేలకు దగ్గఱగ నుండవలెను, ఏలయన పొగ మొదట పైకి చేరును. మ్రోతను అణచుటకు నురుగుపలకలను నమ్మబోకుము. లోతైన మృదంగధ్వని మెత్తని తెరలకు లొంగదు, బరువైన గోడకే లొంగును.

మఱియొక మాట పురుషులైన గురువులు చెప్పకపోవచ్చును గాన మేమే చెప్పుచున్నాము. స్త్రీల స్నానాలయమును చీకటి సందు చివర పెట్టబోకుము. అచటినుండి వాకిటివఱకు, వాకిటినుండి బండి యెక్కుచోటి వఱకు వెలుగుండవలెను. గోడలందలి వంపులు ఒంటరి యువతిని ఎవ్వరును చూడలేని మూలలను సృష్టింపరాదు. నీ శాలకు వచ్చిన పిల్ల, వచ్చినంత నిశ్చింతగ నింటికి పోగలిగినపుడే నీ విద్య ఫలించినట్లు.

ఇక, గుడివాడ సోదరీ! మీ కుమార్తెను ఆ బల్లయొద్దనుండి లేపవలదు. ప్రక్కన పీట వేసికొని కూర్చుండి, “అమ్మాయీ, దీపములన్ని ఆరిపోయినచో నేను ఏ దారిని బయటికి రావలెనో చూపుము” అని యడుగుడు. ఆమె తడువుకొనక వ్రేలితో ఆ దారిని చూపెనా, ఆ పిల్ల చదువు సరియైన త్రోవన నున్నదని నమ్ముడు. తడువుకొన్నచో కోపగింపక, ఆ దారిని గీయువఱకు ఆమెకు తోడుగ కూర్చుండుడు. కప్పుమీది గేదె డెక్కలను గూర్చి మాత్ర మేమియు ననవలదు.