ఫోను ఆగుతుంది, కాలి పుండు ఆగదు



మొన్నటి మిరపకోతల రోజుల్లో నకరికల్లు మండలంలోని ఒక ఊరి నుంచి ఒక తల్లి మన ఓపీకి వచ్చింది. ఆమెకు తొమ్మిదేళ్లుగా షుగరు ఉంది. కుడికాలి బొటనవేలి కింద పుండు. డ్రెస్సింగు గదిలో గుడ్డ విప్పేసరికి వాసన వచ్చింది. వేలు నల్లబడింది.

"ఎన్నాళ్లయిందమ్మా?" అని అడిగాను.

"చేలో పత్తిమోడు గుచ్చుకుంది సిస్టరమ్మా. గుచ్చుకున్నట్టు కూడా తెలియలేదు. చెప్పులో రక్తం చూసి తెలుసుకున్నా. నెలన్నర అయింది."

"నెలన్నర నుంచి ఎందుకు రాలేదు?"

ఆమె పక్కనే నిలబడ్డ కొడుకు వైపు చూసి, తల దించుకుని చెప్పింది. "అబ్బాయి ఫోను బుక్ చేసుకున్నాడమ్మా. ఇయ్యాలో రేపో వస్తుందన్నాడు. వచ్చినాక మిగిలిన డబ్బులతో చూపించుకుందామని ఆగాను."

ఆ కుటుంబాన్ని అడిగి, వాళ్లు సరేనన్న తర్వాతే పేరూ ఊరూ లేకుండా ఈ సంగతి రాస్తున్నాను. ఎవరినీ తప్పుపట్టడానికి కాదు. ఇలాంటి మాట ఈ మధ్య మన ఓపీలో చాలాసార్లు వినబడుతోంది. ఒకరు కళ్లద్దాలు ఆపుకున్నారు. ఒకరు బీపీ మాత్రలు రోజు విడిచి రోజు వేసుకున్నారు. కారణం అడిగితే ఇంట్లో ఏదో ఒక కొత్త వస్తువుకు డబ్బు పక్కన పెట్టి ఉంటుంది. అందుకే దీని గురించి సంఘ కుటుంబాలతో నాలుగు మాటలు పంచుకోవాలనిపించింది.

అడ్వాన్సు వేసే తాళం

ముందస్తు బుకింగు అంటే ఏమిటో మనలో చాలామందికి తెలుసు. ఫోను ఇంకా అంగట్లోకి రాదు. కొంత డబ్బు కట్టి పేరు రాయించుకుంటాం. ఫోను పంపినప్పుడు మిగతాది కడతాం. కంపెనీకి దీనివల్ల ఎన్ని ఫోన్లు తయారు చేయాలో ముందే తెలుస్తుంది, డబ్బు ముందే చేతికొస్తుంది, ఊరంతా ఆ ఫోను గురించే మాట్లాడుకుంటారు. కొనేవాడికి దక్కేది, అందరికంటే ముందు చేతిలో పట్టుకున్నానన్న సంతోషం, కొన్నిసార్లు కాస్త తగ్గింపు.

ఆ అబ్బాయి కట్టిన అడ్వాన్సు 2,000 రూపాయలే. ఫోను ఖరీదు 18,000. రెండు వారాల్లో వస్తుందన్నారు. రెండు వారాలు నాలుగయ్యాయి, నాలుగు ఆరయ్యాయి. ఇక్కడే మనం గమనించాల్సిన సంగతి ఉంది. అతను పోగొట్టుకున్నది 2,000 కాదు. మిగిలిన 16,000 రూపాయలు ఇంట్లోనే, బీరువాలోనే ఉన్నాయి. కాని వాటిని ముట్టుకోవడానికి లేదు. ఏ రోజు ఫోను వస్తుందో, ఏ రోజు కట్టమంటారో తెలియదు గనక. ఆ డబ్బులో తల్లి మిరపకోతల కూలి ఉంది, డ్వాక్రా గ్రూపులో దాచుకున్నది ఉంది. చిన్న అడ్వాన్సు పెద్ద డబ్బుకు తాళం వేసింది. ఆ తాళం చెవి మన ఇంట్లో లేదు, ఎక్కడో ఉన్న గోడౌనులో ఉంది.

పుండు పడిన మొదటి వారంలో వచ్చి ఉంటే ఒక షుగరు పరీక్ష, శుభ్రంగా కట్టు, కొద్దిరోజుల మాత్రలు. కొన్ని వందల రూపాయలతో పోయేది. నెలన్నర తర్వాత ఆపరేషను, వార్డులో ఉండటం, వేలు తీసేయడం. తల్లికి కోతల కూలి పోయింది. దగ్గర ఉండి చూసుకున్న కొడుక్కి పని పోయింది.

చెప్పిన తేదీకి రాని ఫోన్లు

ఇది ఒక్క ఇంటి కథ కాదు. దేశమంతా ఇలా ఎదురుచూసిన సందర్భాలు ఉన్నాయి.

2016 ఫిబ్రవరిలో "ఫ్రీడమ్ 251" పేరుతో 251 రూపాయలకే స్మార్ట్‌ఫోను అని ప్రకటన వచ్చింది. బుకింగు తెరిచిన రోజే జనం తాకిడికి వెబ్‌సైటు నిలిచిపోయింది. కోట్లమంది పేర్లు నమోదు చేసుకున్నారని కంపెనీయే చెప్పింది. జూన్ నెలాఖరుకు అందిస్తామన్నారు. పేరు రాయించుకున్నవాళ్లలో చాలా ఎక్కువమందికి ఆ ఫోను రానేలేదు.

2017 ఆగస్టు 24న జియోఫోను బుకింగు మొదలైంది. అది కీప్యాడ్ ఫోనే అయినా ఇంటర్నెట్ వచ్చేది. ముందు 500, చేతికిచ్చేటప్పుడు 1,000. లక్షల మంది ఎగబడటంతో రెండు మూడు రోజుల్లోనే బుకింగు ఆపేశారు. ఫోన్లు చేతికి రావడం నెల దాటాకే మొదలైంది.

2021లో జియోఫోన్ నెక్స్ట్ వినాయక చవితికి, అంటే సెప్టెంబరు 10కి వస్తుందన్నారు. చిప్పుల కొరత వల్ల దీపావళికి, నవంబరు 4కి జరిగింది. ఆ కొరత ఒక్క కంపెనీది కాదు. కరోనా తర్వాత ప్రపంచమంతా కార్ల నుంచి ఫోన్ల దాకా ఆలస్యమయ్యాయి.

ఇవన్నీ ఒకటే చెబుతున్నాయి. ఆలస్యం ఒక్కోసారి మోసం వల్ల, ఒక్కోసారి నిజమైన ఇబ్బంది వల్ల. కారణం ఏదైనా, ఆ తేదీ మన చేతిలో లేదు. మన చేతిలో లేని తేదీకి ఇంట్లో మందుల ఖర్చును ముడివేయకూడదు.

ఫోను వద్దని కాదు

ఇది చదివే యువకులు "సిస్టరు గారు ఫోన్లే వద్దంటున్నారు" అనుకోవద్దు. 2020లో బడులు మూతపడినప్పుడు పిల్లల పాఠాలు ఫోనులోనే జరిగాయి. 2021లో కరోనా టీకాకు ఎంతోమంది ఫోనులోనే పేరు నమోదు చేసుకున్నారు. ఇవాళ కూలి డబ్బు ఫోనులో పడుతోంది. ఊళ్లోనే ఉండి ఈ-సంజీవని ద్వారా డాక్టరుతో మాట్లాడే వీలుంది. చదువుకునే పిల్లకో, పని వెతుక్కునే కుర్రవాడికో మంచి ఫోను అవసరమే. ఏళ్ల తరబడి పగిలిన అద్దంతో నెట్టుకొచ్చిన పిల్లవాడు కొత్తది కావాలనుకుంటే అది దురాశ కాదు.

"ఇప్పుడు బుక్ చేస్తేనే తగ్గింపు వస్తుంది, తర్వాత పోతుంది" అంటారు కొందరు. నిజమే, ఆ ఆఫరు పోవచ్చు. కాని ఇంకో మోడలు రాగానే చాలా ఫోన్ల ధర తగ్గడం కూడా మనం చూస్తున్నాం. ఆరు నెలలు ఆగితే ఫోను చెడిపోదు. షుగరు ఉన్న కాలికి పుండు పడితే ఆరు వారాలు కూడా ఎక్కువే. షుగరు ఎక్కువకాలం అదుపులో లేకపోతే పాదాల నరాలు మొద్దుబారతాయి. నొప్పి తెలియదు. రక్తప్రసరణ తగ్గుతుంది కాబట్టి గాయం త్వరగా మానదు. చీము లోపలికి పాకి ఎముకను పట్టుకుంటుంది. నొప్పి లేదు గదా అని మనం ఆగుతాం. లోపల అది ఆగదు.

కంటి సంగతీ అంతే. షుగరు వల్ల కంటి లోపలి పొర దెబ్బతింటున్నా మొదట్లో చూపు బాగానే ఉంటుంది. మసక మొదలయ్యేసరికి నష్టం చాలా జరిగి ఉంటుంది. బీపీ ఉన్నవారు మాత్రలు ఆపితే ఏమీ తెలియదు, ఒకనాడు పక్షవాతం వచ్చేదాకా.

మన పెద్దలూ ఎదురుచూశారు

ఎదురుచూడటం మన పల్నాటి వారికి కొత్త కాదు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4న. దాదాపు పన్నెండేళ్లు మన తాతలు కాలువ నీటి కోసం చూశారు. కాని నీళ్లు వస్తాయి గదా అని ఆ పన్నెండేళ్లూ చేలు బీడు పెట్టలేదు. వానను నమ్ముకుని జొన్న వేశారు, పశువులను మేపారు, పిల్లలను పెంచారు.

మన జిల్లాల వైద్యసేవ చరిత్రలోనూ అలాంటి ఉదాహరణే ఉంది. డాక్టర్ అన్నా కుగ్లర్ గారు 1883లో గుంటూరు వచ్చారు. స్త్రీల కోసం కట్టిన ఆస్పత్రి తెరిచింది 1898లో. ఆ పదిహేనేళ్లు ఆమె "ఆస్పత్రి కట్టాక రండి" అని రోగులను తిప్పిపంపలేదు. ఇళ్లకు వెళ్లి చూశారు, డిస్పెన్సరీ పెట్టి మందులిచ్చారు. భవనం ఆగింది, వైద్యం ఆగలేదు. మన ఇళ్లలో ఇప్పుడు దానికి తిరగబడి జరుగుతోంది. వస్తువు కోసం వైద్యం ఆగుతోంది.

మార్కు సువార్త 7వ అధ్యాయంలో కొర్బాను సంగతి మీరంతా చదివే ఉంటారు. తల్లిదండ్రులకు సాయపడవలసిన సొమ్మును "ఇది కొర్బాను" అని పక్కన పెట్టి, దాన్ని ముట్టుకోకూడదని తప్పించుకునేవారిని ప్రభువు గద్దించాడు. వాళ్లు చెప్పింది దేవుని పేరు. అయినా ఆయన ఒప్పుకోలేదు. మరి మనం ఒక ఫోను పేరు చెప్పి అమ్మ మందుల డబ్బును ముట్టుకోకూడని సొమ్ముగా మారిస్తే ఏమనుకోవాలి? ఈ మాట ముందుగా నాకే తగులుతుంది. పోయిన క్రిస్మసుకు ఫ్రిజ్ కోసమని మా అత్తగారి కంటి పరీక్ష నేనూ రెండు నెలలు జరిపాను.

బుక్ చేసే ముందు

యువకులకూ, ఇంటి పెద్దలకూ నా మనవి ఇది.

1. ఫోనుకు డబ్బు తీసే ముందు ఇంట్లో షుగరు, బీపీ, ఆస్తమా మందులు వాడేవారి మూడు నెలల ఖర్చు వేరే కవరులో పెట్టండి. ఆ కవరు ఫోను లెక్కలోకి రాకూడదు. అది పక్కన పెట్టాక డబ్బు సరిపోతేనే బుక్ చేయండి.

2. అడ్వాన్సు కట్టేటప్పుడు రసీదు తీసుకోండి. ఎప్పుడిస్తారో, రాకపోతే డబ్బు ఎలా తిరిగిస్తారో అడిగి రాయించుకోండి. చెప్పిన తేదీ దాటితే అడ్వాన్సు వెనక్కి అడగడానికి మొహమాటపడవద్దు. మాట వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి.

3. ఎదురుచూసేవాడు తొందరగా నమ్ముతాడు. "మీ పార్శిలు ఆగిపోయింది, ఈ లింకులో 5 రూపాయలు కట్టండి" అని వచ్చే మెసేజీలను నమ్మకండి. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కు ఫోను చేయండి.

4. షుగరు ఉన్నవారు ప్రతి రాత్రి పడుకునే ముందు రెండు అరికాళ్లూ చూసుకోవాలి. వంగలేనివారు చిన్న అద్దం పెట్టుకుని చూడాలి, లేదా పిల్లలు చూడాలి. చేలోకి చెప్పులు లేకుండా వెళ్లవద్దు. రెంటచింతల ఎండలు మనకు తెలియనివి కావు. మొద్దుబారిన పాదాలతో మధ్యాహ్నం సిమెంటు గచ్చు మీద, చర్చి ఆవరణలోనైనా సరే, వట్టికాళ్లతో నడిస్తే కాలినా తెలియదు.

5. పుండు, గాయం, బొబ్బ, రంగు మారిన వేలు ఏది కనబడినా మరునాడే చూపించుకోండి. చేతిలో డబ్బు లేకపోయినా రండి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే వెంట తెచ్చుకోండి. దగ్గరలో ఉన్న ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లినా మంచిదే. ఎక్కడికైనా వెళ్లండి, ఇంట్లో మాత్రం ఆగకండి.

చివరి మాట

ఆ తల్లి కుడి బొటనవేలు తీసేయాల్సి వచ్చింది. ఆమె ఇప్పుడు మెత్తటి చెప్పులతో మెల్లగా నడుస్తోంది. ఆమె వార్డులో ఉండగానే ఫోను వచ్చింది. అబ్బాయి నకరికల్లు అడ్డరోడ్డుకు వెళ్లి పార్శిలు తీసుకుని నేరుగా వార్డుకు వచ్చాడు. పెట్టె విప్పకుండా చాలాసేపు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను కట్టు మార్చడానికి వెళ్తే నాతో అన్నాడు: "సిస్టర్ గారూ, ఫోను ఎక్కడిదాకా వచ్చిందో రోజుకు పదిసార్లు చూసుకున్నానండీ. అమ్మ కాలు ఒక్కరోజు కూడా చూడలేదు."

నేను ఏమీ అనలేదు. అనాల్సింది అతనే అనుకున్నాడు.

ఇప్పుడు ఆ ఫోనులో ఉదయం ఒకటి, రాత్రి ఒకటి రెండు అలారాలు మోగుతాయట. ఉదయం అమ్మ మాత్రలకు, రాత్రి అమ్మ పాదాలు చూడటానికి. పోయిన వారం కట్టుకు వచ్చినప్పుడు ఆమె నవ్వుతూ చెప్పింది, "టార్చి కూడా ఆ ఫోనుదేనమ్మా, అరికాలు బాగా కనబడుతుందంట."

మీరూ ఫోను కొనుక్కోండి. సంతోషంగా ఎదురుచూడండి. బుక్ చేసే రోజు మాత్రం ముందు ఇంట్లో పెద్దవాళ్ల పాదాలు చూసి, మందుల డబ్బా తెరిచి చూసి, ఆ తర్వాత బుక్ చేయండి.

ప్రభువు మీ కుటుంబాలకు ఆరోగ్యము, నెమ్మది దయచేయును గాక.